ఇంట్లో సిమ్ రూటర్: ముందు చోటు, తర్వాతే సెట్టింగులు

మీ వీధికి ఫైబర్ లైను ఇంకా రాలేదు. కేబుల్ ఆయన్ని అడిగితే "వచ్చే నెల" అంటాడు. ఆ వచ్చే నెల ఏడాదిగా రావడం లేదు. అమ్మాయికి ఈఏపీసెట్ ఆన్‌లైన్ క్లాసు మధ్యలో ఆగిపోతుంది. మీరు ఆఫీసు మీటింగులో మాట్లాడుతుంటే "సార్, మీ వాయిస్ కట్ అవుతోంది" అని అవతలి వైపు నుంచి ఒకటే గొడవ. ఇంటిల్లిపాదీ మీ ఫోన్ హాట్‌స్పాట్ మీదే బతుకుతున్నారు. మీరు కూరగాయలకని బయటికెళ్తే ఇంట్లో నెట్ కూడా మీ జేబులో కూర్చుని వెళ్లిపోతుంది. ఇదేనా మీ పరిస్థితి?

అయితే సిమ్ వేసుకుని వాడే రూటర్ మీకు పనికొస్తుంది. దాన్ని ఎవరి సాయమూ లేకుండా మీరే పెట్టుకోగలరు. ఇంజినీరింగ్ చదవక్కర్లేదు. ఒక ఆదివారం పూట, ఒక కాగితం, పెన్ను, ఒక ఎక్స్‌టెన్షన్ బాక్సు చాలు.

మొదలుపెట్టే ముందు ఒక్క సంగతి మనసులో పెట్టుకోండి. ఈ పెట్టె దగ్గర రెండు వేర్వేరు సిగ్నళ్లు ఉంటాయి. టవర్ నుంచి రూటర్‌కు వచ్చేది ఒకటి. రూటర్ నుంచి మీ ఫోన్‌కు వెళ్లే వైఫై రెండోది. బోరు నుంచి ట్యాంకుకు నీళ్లెక్కడం ఒకటి, ట్యాంకు నుంచి కుళాయికి రావడం ఇంకొకటి అన్నట్టు. ఫోన్‌లో వైఫై గీతలు నిండుగా ఉన్నా వీడియో కదలకపోతే చాలామంది వైఫైనే తిట్టుకుంటారు. నిజానికి అక్కడ ఎండిపోయింది బోరు. నెట్ సరిగా రానప్పుడల్లా "ఈ రెండింటిలో ఏది బలహీనంగా ఉంది?" అని అడగడం అలవాటు చేసుకోండి. సగం సమస్యలకు జవాబు అక్కడే దొరుకుతుంది.

1. రూటర్ కొనకముందే టవర్ల సంగతి తేల్చుకోండి

"మా బావమరిదికి ఆ కంపెనీది బ్రహ్మాండంగా వస్తోంది" అనే మాట నమ్మి కొనకండి. మీ బావమరిది ఉండేది మీ ఇంట్లో కాదు. పక్క వీధిలో బాగా వచ్చే నెట్‌వర్క్ మీ వీధిలో రాకపోవచ్చు.

ఇంట్లోవాళ్ల దగ్గర, పక్కింటివాళ్ల దగ్గర ఏయే కంపెనీల సిమ్‌లు ఉన్నాయో చూడండి. జియో, ఎయిర్‌టెల్, వీఐ, బీఎస్ఎన్ఎల్‌లలో కనీసం రెండు దొరుకుతాయి. ఆ ఫోన్లతో ఇంట్లో ఒకే చోట నిలబడి స్పీడ్ టెస్ట్ చేయండి. ఎప్పుడు చేస్తున్నారన్నది చాలా ముఖ్యం. ఉదయం ఆరింటికి ఏ నెట్‌వర్కయినా పరిగెడుతుంది. రాత్రి ఎనిమిది నుంచి పది మధ్య, ఊరంతా సీరియళ్లూ రీల్సూ చూసే వేళలో చేయండి. ఆ సమయంలో ఏది నిలబడితే అదే మీ కంపెనీ. స్పీడ్ టెస్టుకూ డేటా ఖర్చవుతుంది, 5జీలో అయితే ఒక్కో టెస్టుకు వందల ఎంబీలు పోవచ్చు. అందుకని వరసపెట్టి పది చేయకండి.

మీ ఇంటి చుట్టుపక్కల టవర్లు ఎక్కడున్నాయో కేంద్ర టెలికాం శాఖ వారి తరంగ్ సంచార్ పోర్టల్లో చూడొచ్చు. ఆయా కంపెనీల వెబ్‌సైట్లలో కవరేజీ మ్యాపులు కూడా ఉంటాయి. టవర్ ఏ దిక్కున ఉందో తెలిస్తే నాలుగో అంశం దగ్గర మీ పని సులువవుతుంది.

2. పెట్టె మీద బ్యాండ్ల జాబితా చదవండి

రూటర్ అట్టపెట్టె మీద "బ్యాండ్స్" అని చిన్న అక్షరాల్లో కొన్ని అంకెలుంటాయి. మన దగ్గర 4జీ ఎక్కువగా 1, 3, 5, 8, 40 అంకెల బ్యాండ్ల మీద నడుస్తుంది. వీటిలో మీ కంపెనీ వాడేవి ఆ జాబితాలో ఉండాలి. ఉదాహరణకు జియో 4జీ 3, 5, 40 మీద ఉంటుంది. 850 మెగాహెర్ట్జ్ మీద నడిచే 5వ బ్యాండు దూరం వస్తుంది, గోడల్లోంచి కూడా బాగానే దూరుతుంది, కానీ వేగం తక్కువ. 2300 మీద నడిచే 40వ బ్యాండు వేగమైనది, గోడ అడ్డం వస్తే మాత్రం నీరసపడుతుంది. 5జీ రూటర్ అయితే ఎన్78 ఉండి తీరాలి.

ఇక్కడ చాలా ఇళ్లలో జరిగే పొరపాటు ఒకటుంది. డాలస్ నుంచో న్యూజెర్సీ నుంచో సెలవుకు వచ్చే అబ్బాయి ప్రేమగా ఒక రూటర్ తెస్తాడు. ఖరీదైనది, చూడ్డానికి బాగుంటుంది. కానీ అమెరికా కంపెనీలు వాడే బ్యాండ్లు చాలావరకు వేరు, మనవి వేరు. పైగా అక్కడి కంపెనీ ఇచ్చిన పెట్టె అయితే ఇంకో సిమ్ ఒప్పుకోకుండా తాళం వేసి ఉంటుంది. అబ్బాయిని నొప్పించకుండా ముందే ఫోన్ చేసి చెప్పండి, "నాన్నా, రూటర్ ఇక్కడే కొనుక్కుంటాం, నువ్వు ఖాళీ చేతులతో వచ్చినా చాలు" అని.

3. ఏ సిమ్? ఏ ప్యాక్?

బ్యాంకు ఖాతాకు, ఆధార్‌కు కలిపి ఉన్న సిమ్‌ను రూటర్లో వేయకండి. ఎందుకో తెలుసా? ఆ నంబరుకు వచ్చే ఓటీపీలన్నీ రూటర్ లోపలి మెసేజీల డబ్బాలోకి పోతాయి. గ్యాస్ బుకింగు ఓటీపీ కోసం మీరు వంటింట్లో ఫోన్ పట్టుకుని ఎదురుచూస్తూ ఉంటారు, అది పడకగది కిటికీలో ఉన్న పెట్టెలో కూర్చుని ఉంటుంది. కొత్త సిమ్ తీసుకోండి, మీ పేరు మీదే తీసుకోండి. ముందు దాన్ని ఒక ఫోన్లో వేసి, యాక్టివేట్ అయి నెట్ నడుస్తోందని చూసుకున్నాకే రూటర్లోకి మార్చండి. ఇదొక్కటి చేస్తే, తర్వాత ఏదైనా తేడా వచ్చినప్పుడు తప్పు సిమ్‌దా పెట్టెదా అన్న అనుమానం ఉండదు.

ప్యాక్ విషయానికొస్తే, రోజుకు రెండు జీబీ అన్న ప్యాక్‌లు ఒక మనిషి ఫోన్ కోసం చేసినవి. నలుగురున్న ఇంటికి అవి మధ్యాహ్నానికే అయిపోతాయి. ఆ తర్వాత వేగం 64 కేబీపీఎస్‌కు పడిపోతుంది. అంటే వాట్సాప్‌లో అక్షరాలు కదులుతాయి, బొమ్మలు కదలవు. నెల మొత్తానికి ఇన్ని జీబీలని ఒకేసారి ఇచ్చే డేటా ప్యాక్ రూటర్‌కు నయం. ఆదివారం ఎక్కువ వాడినా సోమవారం సర్దుకోవచ్చు. "అన్‌లిమిటెడ్ 5జీ" అన్న మాట కనిపిస్తే షరతులు పూర్తిగా చదవండి. ఫోన్లో వాడుకోవడానికి ఇచ్చినది రూటర్‌కు వర్తించకపోవచ్చు.

4. చోటు

ఈ అధ్యాయంలో మీరు ఒక్క పేజీయే చదవగలిగితే ఇదే చదవండి. రూటర్ ఎంత మంచిదైనా, ప్యాక్ ఎంత పెద్దదైనా, పెట్టె పెట్టిన చోటు తప్పయితే అంతా వృథా.

చాలామంది ఏం చేస్తారు? హాల్లో టీవీ పక్కన షోకేసులో పెట్టేస్తారు. ప్లగ్ అక్కడుంది కదా, చూడ్డానికి బాగుంటుంది కదా అని. కానీ టవర్ సిగ్నల్ ఆ షోకేసు దాకా రావాలంటే మేడ శ్లాబు, రెండు గోడలు, ఇనుప బీరువా దాటి రావాలి. శ్లాబులో ఇనుప చువ్వలుంటాయి. రేకుల ఇల్లయితే పైన రేకే పెద్ద అడ్డం. ఫ్రిజ్, అద్దాల బీరువా, చేపల తొట్టె, ఇవన్నీ సిగ్నల్‌ను తినేసేవే.

కాబట్టి షోకేసును మర్చిపోండి. ఇలా చేయండి.

ముందుగా ఫోన్‌తో ఇల్లంతా తిరగండి. ఆండ్రాయిడ్ ఫోన్లో సెట్టింగ్స్‌లోకి వెళ్లి "అబౌట్ ఫోన్", అందులో "సిమ్ స్టేటస్" చూస్తే సిగ్నల్ బలం మైనస్ అంకెల్లో, డీబీఎం అనే గుర్తుతో కనిపిస్తుంది. చాలా ఫోన్లలో *#*#4636#*#* నొక్కినా వస్తుంది. ఫోన్ పైన కనిపించే గీతల్ని నమ్మకండి, ఒక్కో కంపెనీ వాటిని ఒక్కోలా గీస్తుంది. అంకెనే చూడండి. మైనస్ కాబట్టి అంకె చిన్నదైతే మంచిది. మైనస్ 85 వస్తే సంతోషించండి. మైనస్ 100 దగ్గరుంటే పని జరుగుతుంది. మైనస్ 110 దాటితే ఆ చోటు వదిలేయండి. మూడు డీబీల తేడా అంటే సిగ్నల్ శక్తి రెట్టింపవడం. పది డీబీలంటే పది రెట్లు. అందుకే రెండడుగుల జరుగుడు కూడా ఇక్కడ లెక్కలోకి వస్తుంది.

మంచి అంకెలు వచ్చిన నాలుగైదు చోట్లు గుర్తుపెట్టుకున్నాక రూటర్ తీయండి. ఎక్స్‌టెన్షన్ బాక్సుతో ఒక్కో చోటికీ తీసుకెళ్లి ఆన్ చేయండి. నిలదొక్కుకోవడానికి మూడు నిమిషాలివ్వండి. రూటర్ పేజీలో (ఎలా తెరవాలో ఐదో అంశంలో ఉంది) రెండు అంకెలుంటాయి. ఒకటి ఆర్ఎస్ఆర్‌పీ, సిగ్నల్ ఎంత గట్టిగా వస్తోందో చెప్పేది. రెండోది ఎస్ఐఎన్ఆర్, ఎంత శుభ్రంగా వస్తోందో చెప్పేది. ఈ రెండోది 20 దాటితే అద్భుతం, 13 పైన ఉంటే మంచిది, సున్నాకు దగ్గరైతే చిక్కే. రెండూ కాగితం మీద రాయండి.

ఒక ఇల్లు ఊహించుకోండి. మండల కేంద్రంలో కింద, పైన రెండు అంతస్తులు. హాల్లో షోకేసు దగ్గర మైనస్ 112, శుభ్రత 2. మేడ మీది పడకగదిలో తూర్పు కిటికీ దగ్గర మైనస్ 98, శుభ్రత 9. అదే గదిలో బీరువాకు దూరంగా, కిటికీ రెండో వైపు మైనస్ 95, శుభ్రత 14. మెట్ల గది గూట్లో మైనస్ 93, కానీ శుభ్రత 6 మాత్రమే. మీరైతే ఏది ఎంచుకుంటారు?

మెట్ల గది అనుకున్నారా? చాలామంది అలాగే అనుకుంటారు. కానీ అక్కడ రెండు మూడు టవర్ల సిగ్నళ్లు ఒకదానిమీద ఒకటి పడుతున్నాయి, అందుకే గట్టిగా ఉన్నా గజిబిజిగా ఉంది. కిటికీ రెండో వైపే మంచి చోటు. సందేహం ఉంటే మంచివనిపించిన రెండు చోట్లా రాత్రి తొమ్మిదికి ఒక్కో స్పీడ్ టెస్ట్ చేసి తేల్చుకోండి.

యాంటెన్నాలు బయటికి పెట్టాలా? చివరి ప్రయత్నంగానే. ముందు మీ రూటర్‌కు ఊడదీసే 4జీ యాంటెన్నాలు ఉన్నాయో లేదో చూడండి. పైన కనిపించే కొమ్ముల్లో కొన్ని వైఫైవి కావచ్చు. వాటికి వైరు తగిలిస్తే లాభం లేదు. బయట పెట్టేదానికి రెండు వైర్లుండాలి, ఒకటే ఉంటే వేగంలో నష్టపోతారు. వైరు ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది. సన్నటి వైరు పది మీటర్లు లాగితే, యాంటెన్నా సంపాదించిందంతా వైరే తినేస్తుంది. కోతులు తిరిగే ఊళ్లో ఉంటే మేడ మీద పెట్టే ముందు ఇంకోసారి ఆలోచించండి.

5. సెట్టింగులు: అనుకున్నంత కష్టం కాదు

రూటర్ అడుగున ఒక స్టిక్కర్ ఉంటుంది. వైఫై పేరు, పాస్‌వర్డ్, పేజీ అడ్రసు దాని మీదే ఉంటాయి. మొట్టమొదట దాన్ని ఫోటో తీసుకోండి. ఏడాది తర్వాత ఆ అక్షరాలు చెరిగిపోతాయి.

పెట్టె ఆపి ఉన్నప్పుడే సిమ్ వేయండి. చిన్న సిమ్‌ను పెద్ద స్లాటుకు సరిపెట్టే ప్లాస్టిక్ చట్రం వాడితే జాగ్రత్త, సిమ్ జారి లోపల ఇరుక్కుంటే తీయడం నరకం. ఆన్ చేసి, ఫోన్‌ను ఆ వైఫైకి కలిపి, బ్రౌజర్లో స్టిక్కర్ మీది అడ్రసు కొట్టండి. సాధారణంగా అది 192.168.1.1, 192.168.0.1, 192.168.8.1 లలో ఒకటి. పేజీ తెరుచుకోకపోతే ఫోన్లో మొబైల్ డేటా ఆపి మళ్లీ చూడండి.

సిగ్నల్ ఉండి కూడా నెట్ రావడం లేదా? ఏపీఎన్ అన్న గడి చూడండి. చాలా రూటర్లు దాన్ని వాటంతటవే నింపుకుంటాయి. నింపకపోతే ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా, జియోకు "జియోనెట్" అని, ఎయిర్‌టెల్‌కు "ఎయిర్‌టెల్‌జీపీఆర్‌ఎస్ డాట్ కామ్" అని, బీఎస్ఎన్ఎల్‌కు "బీఎస్ఎన్ఎల్‌నెట్" అని కొట్టండి. 5జీ రూటర్ ఊరికే 5జీకీ 4జీకీ మధ్య ఊగుతూ తెగిపోతుంటే, నెట్‌వర్క్ మోడ్‌ను "4జీ ఓన్లీ" చేసి రెండు రోజులు చూడండి. నికరంగా నిలబడే 4జీ, వచ్చిపోయే 5జీ కన్నా మేలు.

రూటర్ పేజీ పాస్‌వర్డ్, వైఫై పాస్‌వర్డ్ రెండూ ఆ రోజే మార్చండి. ఇంటి పేరు, ఫోన్ నంబరు పెట్టకండి. వీధిలో సగం మందికి అవి తెలుసు. చుట్టాలకు, పక్కింటి పిల్లలకు గెస్ట్ నెట్‌వర్క్ వేరుగా పెట్టండి. సిమ్ మీ పేరు మీద ఉంది, దానితో ఎవరు ఏం చేసినా ముందు అడిగేది మిమ్మల్నే.

వెనక చిన్న కన్నంలో గుండుసూదితో నొక్కితే అన్నీ బాగవుతాయని ఎవరైనా సలహా ఇస్తే ఆగండి. అది మీరు చేసిన సెట్టింగులన్నీ తుడిచేస్తుంది. ముందు పెట్టె ఆపి, ఒక నిమిషం ఆగి, మళ్లీ ఆన్ చేసి చూడండి.

6. ఇక వైఫై

టవర్ కోసం పెట్టెను మేడ మీద కిటికీలో పెట్టారు. ఇప్పుడు కింద వసారాలో కూర్చున్న తాతయ్యకు వైఫై అందడం లేదు. ఏం చేయాలి? పెట్టెను కిందికి దించకండి, అలా దించితే అందరికీ నష్టమే. క్యాట్ 6 కేబుల్ ఒకటి కొని మేడ మీది రూటర్ నుంచి కింద హాలుకు లాగండి. అక్కడ ఇంట్లో మూలన పడి ఉన్న పాత రూటర్‌ను యాక్సెస్ పాయింటుగా, అంటే కేబుల్‌లో వచ్చే నెట్‌ను వైఫైగా పంచేలా, పెట్టండి. ఈ కేబుల్ వంద మీటర్ల దాకా వేగం తగ్గకుండా పనిచేస్తుంది. ప్లగ్గుకు గుచ్చే రిపీటర్లు చవకే, కానీ అవి వేగాన్ని బాగా తగ్గిస్తాయి.

2.4 గిగాహెర్ట్జ్ పేరు మీది వైఫై దూరం వెళ్తుంది, 5 పేరు మీదిది వేగంగా ఉండి దగ్గర్లోనే ఆగిపోతుంది. రూటర్ ఉన్న గదిలోనే పనిచేసే ల్యాప్‌టాప్‌కు ఏ వైఫై వద్దు, లాన్ కేబుల్ గుచ్చేయండి. ఆఫీసు మీటింగుల్లో తేడా ఆ రోజే తెలుస్తుంది.

7. రాత్రికి రాత్రి డేటా ఎవరు తాగేస్తున్నారు?

కొత్త రూటర్ పెట్టిన వారానికి ప్రతి ఇంట్లో వచ్చే ప్రశ్న ఇది. అర్ధరాత్రి కొత్త రోజు డేటా మొదలైంది, ఉదయం ఏడింటికి చూస్తే అయిపోయింది. అందరూ నిద్రలోనే ఉన్నారు కదా?

మనుషులు నిద్రపోయారు, ఫోన్లు పోలేదు. ఛార్జింగులో ఉండి వైఫై దొరికిన ఫోన్, ఇది ఖర్చు లేని నెట్ అనుకుంటుంది. పెళ్లి ఫోటోలు, వీడియోలన్నీ గూగుల్ ఫోటోస్‌లోకి ఎక్కిస్తుంది. యాప్‌లు అప్‌డేట్ చేస్తుంది. ల్యాప్‌టాప్ విండోస్ అప్‌డేట్ దింపుకుంటుంది. పిల్లల్ని కోప్పడకముందు ఈ పనులు చేయండి. ప్రతి ఫోన్లో ఈ వైఫై పేరు నొక్కి "మీటర్డ్" అని గుర్తు పెట్టండి, విండోస్‌లో కూడా అలాగే "మీటర్డ్ కనెక్షన్" పెట్టండి. వాట్సాప్‌లో వైఫై మీద వీడియోలు వాటంతటవే దిగకుండా ఆపండి. టీవీలో యూట్యూబ్‌ను 480పీకి కట్టేయండి. హెచ్‌డీలో సినిమా చూస్తే గంటకు రెండు మూడు జీబీలు పోతాయి. తక్కువ నాణ్యతలో ఒక జీబీ లోపే సరిపోతుంది.

8. ఎండ, కరెంటు, పిడుగు

కిటికీ మంచి చోటే, కానీ మే నెలలో పడమటి కిటికీ పొయ్యి మీద పెనంలా కాలుతుంది. చాలా రూటర్లు 40 డిగ్రీల వరకే ఓర్చుకుంటాయి. నేరుగా ఎండ పడకుండా కర్టెన్ వెనక, గాలి ఆడేలా పెట్టండి. పైన గుడ్డ కప్పకండి, దుమ్ము పడుతుందన్నా సరే.

కరెంటు పోతే ఫోన్ నడుస్తుంది, రూటర్ ఆగిపోతుంది. ఇన్వర్టర్ లేకపోతే రూటర్ల కోసమే అమ్మే చిన్న యూపీఎస్ ఉంటుంది. కొనే ముందు అడాప్టర్ మీద రాసింది చదవండి. చాలావాటికి 12 వోల్టులు, కొన్నింటికి 9. వోల్టులు కలవకపోతే పెట్టె కాలిపోవచ్చు. ఉరుములు మెరుపులు మొదలైతే ప్లగ్ పీకేయండి, బయట యాంటెన్నా ఉంటే దాని వైరు కూడా.

9. ఇంత చేసినా కుదరకపోతే

అన్నీ సరిగా చేసినా, రోజూ రాత్రి తొమ్మిదికి వేగం పడిపోతోందా? అంకెలు మాత్రం బాగానే ఉన్నాయా? అంటే మీ టవర్ మీద జనం ఎక్కువయ్యారు. మీ ఇంట్లో ఏం మార్చినా అది మారదు. ఈ మాట ముందే తెలుసుకుంటే అనవసరంగా రెండో రూటర్ కొనరు. ఇంకో కంపెనీ సిమ్ వేసి రెండు రోజులు చూడండి.

ఫిర్యాదు చేయాలంటే అదే కంపెనీ సిమ్ ఉన్న ఫోన్ నుంచి 198కి ఫోన్ చేయండి. "నెట్ స్లోగా ఉంది" అనకండి, ఆ మాట వాళ్లు రోజంతా వింటూనే ఉంటారు. "ఫలానా తేదీ రాత్రి తొమ్మిదికి ఆర్ఎస్ఆర్‌పీ మైనస్ 95, ఎస్ఐఎన్ఆర్ 14, వేగం 2 ఎంబీపీఎస్" అని కాగితం చూసి చెప్పండి. డాకెట్ నంబరు, అంటే ఫిర్యాదు నంబరు, తప్పకుండా రాసుకోండి. జవాబు నచ్చకపోతే అప్పీలుకు వెళ్లేటప్పుడు ముందు అడిగేది అదే.

5జీ టవర్ మీ ఊళ్లో ఉంటే, మేడ మీద కంపెనీవాళ్లే పెట్టె బిగించే ఎయిర్ ఫైబర్ కనెక్షన్ మీ పిన్‌కోడ్‌కు ఇస్తున్నారేమో కనుక్కోండి. జియో దీన్ని 2023 సెప్టెంబరులో హైదరాబాద్‌తో సహా 8 నగరాల్లో మొదలుపెట్టింది. ఎయిర్‌టెల్‌కూ అలాంటిదే ఉంది. బిగించడానికి మనుషులు వచ్చిన రోజు మీ రీడింగుల కాగితం వాళ్ల చేతికివ్వండి. ఏ వైపు, ఏ మూల మంచి అంకె వచ్చిందో చెప్పి, అక్కడే పెట్టమని అడగండి.